ఇంటి లోపలి ముసురు

నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. పటేల్‌గూడలో రెండంతస్తుల ఇల్లు, కింది పోర్షన్. పడకగదిలో గోడకు ఆనించిన బీరువాను ఇద్దరు కలిసి అడుగు దూరం ముందుకు జరుపుతారు. దాని వెనక మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా నల్లటి చుక్కలు, చుక్కల మధ్య బూడిదరంగు నూగు. బీరువా తలుపు తీస్తే పట్టుచీర మడత మీద తెల్లటి పొడ, తోలు బెల్టుకు పచ్చటి పూత, పిల్లల సర్టిఫికెట్ల ఫైలుకు ముక్క వాసన. హాల్లో తాడు మీద వేసిన కంపెనీ యూనిఫాం రెండో రోజుకూ ఆరలేదు. కిటికీ తీద్దామంటే బయట రసాయనాల ఘాటు, మూసి ఉంచితే లోపల ఉక్కపోత. ఇంతలో ఎవరో ఒకరు అననే అంటారు: "ఇల్లు సరిగ్గా ఊడుస్తున్నారా?" ఆ మాట ఎప్పుడూ ఇల్లాలి మీదికే పోతుంది.

అమీన్‌పూర్, బీరంగూడ, కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడ వైపు వానాకాలం వచ్చిందంటే ఇదే ముచ్చట. బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం కంపెనీల్లో పనిచేసేవాళ్లు, హైదరాబాద్ లోపల కిరాయిలు భరించలేక ఇటు వచ్చినవాళ్లు, అప్పు చేసి చిన్న ప్లాటులో ఇల్లు కట్టుకున్నవాళ్లు ఇక్కడ ఎక్కువ. పటేల్‌గూడ 2024 దాకా గ్రామ పంచాయతీ, ఆ ఏడాదే అమీన్‌పూర్ మున్సిపాలిటీలో కలిసింది. పొలాలు ప్లాట్లయి, ప్లాట్లలో గోడకు గోడ తగిలేలా ఇళ్లు లేచిన వేగం ఎంతటిదంటే, కట్టిన గోడలు ఆరేంత గడువు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఆ ఇంట్లో ఇల్లాలి మీద పడ్డ నింద తప్పు. బూజుకు చీపురుతో ఉన్న సంబంధం తక్కువ, నీటితో ఉన్న సంబంధం ఎక్కువ. ఆ నీటిలో కొంత మాత్రమే ఆ ఇంటివాళ్లది. మిగతాది ఇల్లు కట్టినవాళ్లు గోడలో వదిలి వెళ్లింది, బయటి గాలిని పాడుచేసినవాళ్లు లోపల బంధించింది.

ఆవకాయ జాడీ దగ్గర తెలిసిన సంగతే

ఆవకాయలో తడి గరిటె పెట్టొద్దని తెలుగిళ్లలో పిల్లలకు కూడా తెలుసు. జాడీ ఎంత శుభ్రంగా కడిగినా, లోపల చుక్క తడి ఉంటే బూజు వస్తుంది. ఉప్పు, నూనె సరిగ్గా పడితే ఏడాదైనా రాదు. గోడ విషయంలోనూ అదే సూత్రం. బూజు బీజాలు ఎక్కడి నుంచో ప్రత్యేకంగా రానక్కర్లేదు. గాలి ఉన్న ప్రతి చోటా అవి ఉంటాయి, ఆసుపత్రిలోనూ, గుడిలోనూ. వాటికి తిండి కొరత కూడా లేదు: దుమ్ము, గుడ్డ, కాగితం, చెక్క, తోలు, రంగు పొర అన్నీ పనికొస్తాయి. వెచ్చదనం మన వాతావరణంలో పుష్కలం. ఇక మిగిలింది నీళ్లు. గోడను ఆనుకున్న పలుచటి గాలి పొరలో తేమ 80 శాతం దగ్గర రోజుల తరబడి నిలిస్తే బీజం మొలుస్తుంది, నిలవకపోతే మొలవదు. గోడ తడిసి కారనక్కర్లేదు, చేతికి తడి తగలనూ అక్కర్లేదు. అందుకే ఇంటి గాలిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోమని, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉంచుకోమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. ఏదైనా తడిస్తే 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టాలన్నది దాని మరో సూచన. మన వానాకాలంలో 50 శాతం అనేది ఆశ మాత్రమే, 60 కూడా కష్టమే. అయినా 85కీ 65కీ మధ్య తేడా చాలా పెద్దది. చుక్కలు పుట్టేదీ పుట్టనిదీ ఆ తేడాలోనే తేలుతుంది.

ఈ పారిశ్రామిక వాడలో తేమ శాతం కొత్త మాట కాదు. మాత్రలు తయారయ్యే గదుల్లో తేమ మీటరు ఉంటుంది, నిర్ణీత వేళల్లో ఉష్ణోగ్రత, తేమ రెండూ రిజిస్టరులో రాయాలి. మామూలు మాత్రలకు 25 డిగ్రీలు, 60 శాతం లోపు ఉంచడం రివాజు. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రలకైతే ఇంకా చాలా తక్కువ ఉండాలి. మందు బిళ్ల చెమ్మగిల్లకుండా షిఫ్టు పొడవునా కాపలా కాసిన మనిషి, ఇంటికొచ్చి పసిపిల్లలతో కలిసి ఎవరూ కొలవని గాలిలో పడుకుంటాడు.

▣ ఉప్పు డబ్బా చెప్పే లెక్క
శుద్ధి చేసిన వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. వంటింట్లో మూత తీసిన ఉప్పు తడిగా మారిందంటే అక్కడి తేమ ఆ గీత దాటినట్టే. డిజిటల్ తేమ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అది సరిగ్గా చూపిస్తుందో లేదో కూడా ఉప్పుతోనే తేల్చుకోవచ్చు. ఒక మూతలో ఉప్పు వేసి ముద్దయ్యేంత నీరు చల్లి, మీటరుతో పాటు గాలి దూరని డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు అయిదు తక్కువ చెబుతోందని గుర్తుంచుకుంటే సరి.

గ్లాసెడు నీళ్ల తేడా

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదిని తీసుకుందాం. 28 డిగ్రీల వేడిలో తేమ 80 శాతం ఉంటే ఆ గది గాలిలో ఆవిరి రూపంలో ఉన్న నీరు సుమారు 740 గ్రాములు. 60 శాతానికి దిగితే 555 గ్రాములు. బూజు పట్టే గాలికీ పట్టని గాలికీ మధ్య తేడా 185 గ్రాములు, అంటే గ్లాసెడు నీళ్లు. మరోవైపు మనం ఆ గదిలోకి వదులుతున్నదెంత? ఒక బకెట్టు బట్టలు చేత్తో పిండి లోపల ఆరేస్తే లీటరు నుంచి రెండు లీటర్లు. నలుగురు రాత్రంతా తలుపు మూసి పడుకుంటే ఊపిరి, చెమట కలిసి దాదాపు లీటరు. వంట గ్యాసు సంగతి చాలామందికి తట్టదు. గ్యాసు మండినప్పుడు వేడితో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది, కిలో గ్యాసుకు సుమారు 1.6 కిలోల నీరు. 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి 22 లీటర్ల నీరు వంటింటి గాలిలోకి చేరినట్టు. సిలిండరు నెల రోజులు వస్తే రోజుకు ముప్పావు లీటరు. ఇడ్లీ ఆవిరి, అన్నం గంజి, బాత్రూములో వేడినీళ్లు దీనికి అదనం.

ఈ నీరంతా గాలిలోనే ఉండిపోదు. కొంత తలుపు సందుల్లోంచి పోతుంది. ఎక్కువ భాగాన్ని పరుపులు, దుప్పట్లు, దిండ్లు, పుస్తకాలు, గోడలు తాగేస్తాయి. రాత్రి తాగింది పగలు ఆరితే ఇబ్బంది లేదు. ముసురు రోజుల్లో ఆరదు. గోడ నిండిపోయాక, గాలి కదలని చోటు వెతుక్కుని బూజు మొదలవుతుంది: బీరువా వెనక, దివాన్ కాట్ కింద, సజ్జ మీద మూటల మధ్య, ఫ్యాన్ గాలి అందని మూలలో.

కిటికీ మూయించిన గాలి

ఎవరిని అడిగినా చెప్పే మొదటి సలహా కిటికీలు తెరవమని. సలహా మంచిదే. అయితే పటేల్‌గూడలో దాన్ని పాటించడానికి కిటికీ ఒక్కటే చాలదు, కిటికీ బయట పీల్చదగ్గ గాలి కూడా ఉండాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశవ్యాప్తంగా పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ ప్రకటించినప్పుడు తీవ్ర కాలుష్యం జాబితాలో చేరిన 43 ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. చీకటి పడ్డాక ఘాటు వాసన వస్తోందని ఈ చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. వాసన వచ్చిందంటే ఇంట్లో చేసే మొదటి పని కిటికీ మూయడం. నలుగురు పడుకునే గదికి కిటికీ మూశామంటే లీటరు నీటిని లోపల పెట్టి గడియ వేసినట్టే.

దీనిలో అన్యాయం శీతాకాలంలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పటాన్‌చెరులో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కోసారి పది డిగ్రీల దిగువకు పోతుంది. చల్లటి గాలి మోయగలిగే నీరు తక్కువ కాబట్టి, వానాకాలపు గాలిలో ఉండే నీటిలో సగం కూడా అందులో ఉండదు. ఇంటిని ఆరబెట్టుకోవడానికి ఏడాదిలో అంతకంటే మంచి గాలి దొరకదు. సరిగ్గా అప్పుడే చల్లబడిన నేలను ఆనుకున్న గాలి పైకి లేవక పొగ, వాసన కిందే నిలిచిపోతాయి. ఇల్లు ఆరాల్సిన కాలంలో కిటికీలు బిగించుకోవాల్సి వస్తుంది. కాబట్టి రాత్రి వేళ గాలిలోకి రసాయన ఆవిరులు వదలకుండా చూడటం ఊపిరికి ఎంత అవసరమో, ఇక్కడి ఇళ్ల గోడలు ఆరడానికీ అంతే అవసరం. కాలుష్య నియంత్రణ మండలి తన పనిని ఈ కోణం నుంచి కూడా చూడాలి.

గోడలో ట్యాంకరు నీళ్లు

కొత్త ఇంట్లో మొదటి రెండు వానాకాలాలే ఎందుకు కష్టంగా ఉంటాయో సిమెంటు బస్తా చెబుతుంది. 50 కిలోల బస్తాకు కలిపే నీరు 25 లీటర్ల దాకా ఉంటుంది. గట్టిపడే క్రమంలో సిమెంటుతో కలిసిపోయేది సుమారు 12 లీటర్లు. మిగతా సగం ఎప్పటికైనా ఆవిరై బయటికి పోవాల్సిందే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి మేస్త్రీలు మామూలుగా వేసే లెక్క 400 బస్తాలు. అంటే ఒక చిన్న ట్యాంకరు, అయిదు వేల లీటర్ల నీరు, స్లాబులోనూ గోడల్లోనూ దాగి ఉంటుంది. క్యూరింగ్‌కు పోసిన నీరు, ఇటుకలు తాగిన నీరు ఈ లెక్కలోకి రాలేదు.

క్యూరింగ్ తగ్గించమని దీనికి అర్థం కాదు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద వగైరా కలిసిన సిమెంటుకు 10 రోజులు తడపాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది, అది తప్పనిసరి. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. గృహప్రవేశం ముహూర్తమో, కిరాయిదారు అడ్వాన్సో, బ్యాంకు వాయిదానో తరుముతుంటే, ఆరని ప్లాస్టరింగ్ మీద లప్పం పట్టించి, పైన మెరిసే ఎమల్షన్ వేస్తారు. రంగు పొర కింద చిక్కిన నీరు నెలల తరబడి పొంగులుగా, పెచ్చులుగా, నల్ల చుక్కలుగా బయటపడుతుంది. పాత రోజుల్లో పండగ పండగకూ గోడలకు వేసిన సున్నం వాటికి ఊపిరి ఆడనిచ్చేది. తాజా సున్నపు క్షారం బూజును మొలవనిచ్చేది కాదు. పైకప్పు దగ్గర వెంటిలేటరు ఉండేది, వేడెక్కి పైకి లేచిన ఆవిరి అందులోంచి పోయేది. ఇప్పటి ఇళ్లలో ఆ రెండూ కనబడవు. సున్నానికి తిరిగిపోవాలని ఎవరూ అనరు, వెంటిలేటరును మాత్రం తీసేయకుండా ఉండాల్సింది.

చిన్న ప్లాట్లది మరో చిక్కు. పక్క స్థలంలో ఇల్లు లేస్తే రెండు గోడల మధ్య మిగిలేది జానెడు సందు. మనిషి దూరలేడు కాబట్టి ఆ వైపు ప్లాస్టరింగ్ ఉండదు, ఇటుక బయటపడే ఉంటుంది, వాన నీరంతా ఆ సందులోనే దిగుతుంది. లోపలి వైపు ఎన్నిసార్లు రంగు వేసినా ఆ గోడ బాగుపడదు. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాకా యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. సామాన్యుడికి కాళ్లు అరిగేలా తిరిగే బాధ తప్పింది, అది మేలే. కానీ పునాది మీద చెమ్మ ఎక్కకుండా డీపీసీ పొర వేశారా, కిటికీలకు సజ్జలు పెట్టారా, బాత్రూముకు గాలి దారి ఉందా అని చూసే మూడో కన్ను లేకుండా పోయింది. ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణంలో ఇంటి నేల విస్తీర్ణంలో ఎనిమిదో వంతు తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలంటుంది. టేపు పెట్టి కొలిస్తే ఈ లెక్కకు నిలిచే కిరాయి పోర్షన్లు అరుదు.

▣ పక్కనే ఒక చలిగది
పటేల్‌గూడకు కూతవేటు దూరంలో, 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో లక్షకు పైగా రకాల జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు భద్రంగా ఉన్నాయి. విత్తనాన్ని బాగా ఆరబెట్టి, కొన్నిటిని 4 డిగ్రీల్లో 20–30 శాతం తేమలో, కొన్నిటిని మైనస్ 20 డిగ్రీల్లో ఉంచుతారు. వేరుశనగకు పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది రాకుండా గింజలో తేమను 8 శాతం లోపుకు దించాలని ఆ సంస్థ రైతులకు దశాబ్దాలుగా చెబుతోంది.

ఊపిరి మీద

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజు మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. చెమ్మ ఇళ్లలో ఉండేవాళ్లకు ఆస్తమా, శ్వాసకోశ వ్యాధులు, దగ్గు, పిల్లికూతలు ఎక్కువని అందులో స్పష్టంగా ఉంది. ఎంత బూజు దాటితే ప్రమాదమన్న అంకె మాత్రం ఇవ్వలేదు. కనబడితే తీసేయాలి, చెమ్మను ఆపాలి, అంతే. ఇక్కడ భయపెట్టడం కూడా తప్పే. 2021లో కరోనా రెండో దశలో వచ్చిన మ్యూకార్ మైకోసిస్‌ను జనం బ్లాక్ ఫంగస్ అన్నారు కాబట్టి, గోడ మీది నల్ల మచ్చ చూసి అదేనేమోనని హడలిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ జబ్బు ప్రధానంగా మధుమేహం అదుపు తప్పినవాళ్ల మీద, స్టెరాయిడ్లు విచ్చలవిడిగా వాడినవాళ్ల మీద పడింది. గోడ బూజు చేసే హాని వేరు, మెల్లటిది. రాత్రంతా తుమ్ములు, పొద్దున లేవగానే మూసుకుపోయిన ముక్కు, పిల్లలకు నెలకోసారి నెబ్యులైజరు, వృద్ధులకు తగ్గని దగ్గు. ఆస్తమా ఉన్నవాళ్ల మీద, ఇంట్లోనే ఎక్కువసేపు గడిపేవాళ్ల మీద ఆ భారం ఎక్కువ.

మెల్లటిది అయినంత మాత్రాన చిన్నది కాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల బాలుడు కిరాయి ఫ్లాటులో బూజు మధ్య ఊపిరి దెబ్బతిని చనిపోయాడు. తండ్రి మొదట ఫిర్యాదు చేసినప్పుడు మచ్చల మీద రంగు వేసుకోమన్నారు. ఆ కుటుంబం స్నానం, వంట అలవాట్ల వల్లే చెమ్మ వస్తోందని కొట్టిపారేశారు. 2022 నవంబరులో కారోనర్ (మరణ కారణం తేల్చే అధికారి) విచారణ బూజే కారణమని తేల్చింది. ఆ తర్వాత ఆ బాలుడి పేరుతో వచ్చిన అవాబ్ చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాల్లో అమల్లోకి వచ్చింది. ప్రాణాపాయం ఉంటే 24 గంటల్లో సరిచేయాలి, తీవ్రమైన చెమ్మ మీద ఫిర్యాదు వస్తే పది పనిదినాల్లో విచారించాలి. మన దగ్గర కిరాయిదారుకు అలాంటి అండ లేదు. "మీరొచ్చాకే ఇలా అయింది" అన్న ఓనర్ మాట దగ్గరే సంగతి ఆగిపోతుంది.

ఎదురు ప్రశ్నలు

బయటే 80 శాతం తేమ ఉన్నప్పుడు లోపల తగ్గించడం ఎలా అన్నది మొదటి ప్రశ్న. న్యాయమైనదే. కానీ వంటింట్లో, బాత్రూములో పుట్టే ఆవిరి బయటి గాలి కంటే ఎప్పుడూ చిక్కనిదే, కాబట్టి పుట్టిన చోటే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో బయటికి నెట్టడం ముసురులోనూ పనిచేస్తుంది. వంట అయ్యాక, స్నానం అయ్యాక మరో పావుగంట తిరగనివ్వాలి. ఇక కిటికీలకు వేళ ముఖ్యం. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం గాలి వేడెక్కి ఆరబెట్టే శక్తి పుంజుకుంటుంది, ఈ ప్రాంతంలో అప్పుడు వాసన కూడా పలుచబడుతుంది. తెరవాల్సింది అప్పుడు. వేకువజామున తెరిస్తే తడే వస్తుంది.

ఏసీ ఉంది కదా అనేది రెండో మాట. ఏసీ నీటిని తీస్తుంది, నిజమే. అయితే గోడల్ని కూడా చల్లబరుస్తుంది. 28 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలి 24 డిగ్రీల గదిలోకి వస్తే, అదే నీరు 95 శాతం అవుతుంది. పొద్దున ఏసీ ఆపగానే కిటికీ తెరిచే అలవాటున్న ఇళ్లలో పడకగది మూలలు నల్లబడటానికి ఇదొక కారణం. గది కాస్త వెచ్చబడ్డాక తెరవాలి. వానాకాలంలో 18కి దించడం కంటే 25, 26 దగ్గర డ్రై మోడ్‌లో నడపడం మేలు, కరెంటు బిల్లుకు కూడా.

ఎండలొస్తే అదే పోతుందన్న ధీమా సగమే నిజం. ఎండాకాలంలో బూజు ఎండి నిద్రపోతుంది, చావదు. మళ్లీ చెమ్మ తగిలితే లేస్తుంది. బూజును ఆపుతామనే రంగుల సంగతీ అంతే. ఆరిన గోడ మీద అవి పనిచేస్తాయి, తడి గోడ మీద ఏదీ నిలవదు. కలరా ఉండలు వాసనను కప్పుతాయి, తేమను ముట్టవు. తేమ పీల్చే డబ్బాలు మూసిన బీరువాకు సరిపోతాయి, గదికి చాలవు. తేమ తీసే యంత్రం బాగా పనిచేస్తుంది, కానీ ధర పది వేల పైమాట. ఒక్కరి ఆదాయంతో బతికే కుటుంబానికి దాన్ని మందుగా రాయలేం. అంతకంటే ముందు డబ్బు పెట్టాల్సినవి ఎగ్జాస్ట్ ఫ్యాన్, దోమల జాలీ, డాబా మీద పగుళ్ల పూడిక.

▣ చెమ్మ ఎటునుంచి?
చుక్కలున్న గోడ మీద చదరపు అడుగు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో బిగించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడి చేరితే నీరు గోడలోంచి వస్తోంది: పైపు లీకేజీ, బయటి వాన, ఆరని ప్లాస్టరింగ్ చూడాలి. గది వైపు తడి చేరితే అది ఇంటి గాలిలోని తేమ. నేల నుంచి మొదలై తెల్లటి ఉప్పు గీతతో ఆగిన మచ్చ పునాది చెమ్మ. పైమూలలో గుండ్రంగా వ్యాపించింది స్లాబు పగులు కావచ్చు.

ఎవరి వంతు ఎవరిది

ఇంటివాళ్ల వంతు పని ఎక్కువేమీ కాదు. బీరువాను, మంచాన్ని గోడకు నాలుగైదు అంగుళాల దూరం జరపాలి. బట్టలు వరండాలోనో, పైన రేకు కిందో ఆరేయాలి. లోపల తప్పనప్పుడు ఒకే గదిలో, ఫ్యాన్ వేసి, తలుపు మూసి, ఆ గది కిటికీ తెరవాలి. గిన్నెల మీద మూతలు పెట్టాలి. పట్టిన బూజును పొడి చీపురుతో దులపకూడదు, బీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి. మాస్కు పెట్టుకుని, సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. బ్లీచింగ్‌ను బాత్రూము యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. మచ్చ పది చదరపు అడుగులు మించితే అది తుడుపుతో తీరేది కాదు, ఎక్కడో నీరు వస్తోంది.

ఆ వచ్చే నీటికి కట్టినవాళ్లు జవాబు చెప్పాలి. ఇందుకు చట్టం ఇప్పటికే ఉంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు నిర్మాణంలోనో, పనితనంలోనో, నాణ్యతలోనో లోపం బయటపడి కొనుగోలుదారు తెలియజేస్తే, నిర్మాణదారు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులకు రెరా వర్తిస్తుంది. మీ ఇంటి తాళాలు చేతికొచ్చిన తేదీ చూసుకోండి. చుక్కలు మొదలైన గోడను తేదీ పడేలా ఫొటో తీయండి, ప్లాస్టిక్ షీటు పరీక్ష చేసి దాన్నీ ఫొటో తీయండి, అప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. రంగు వేయించడం ఆ తర్వాత చూసుకోవచ్చు.